సొంత ఖర్చుల పుస్తకం – పాఠకుడి మాట

తెలుగులో ఏటా వెలువడే కవితా సంపుటాల్లో, కథా సంపుటాల్లో చాలా భాగం రచయితలు తమ డబ్బుతో తాము అచ్చు వేసుకున్నవే. ఇందులో రహస్యమేమీ లేదు. పుస్తకం తెరిచి లోపలి పేజీ ఒకటి తిప్పితే చాలు. "ప్రథమ ముద్రణ: 500 ప్రతులు" అని ఉంటుంది. ప్రచురణకర్తల పేరు ఉండాల్సిన చోట రచయిత తల్లి పేరుకో, కూతురి పేరుకో, సొంత ఊరి పేరుకో "ప్రచురణలు" అన్న మాట తగిలించి ఉంటుంది. "ప్రతులకు" అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. ఆ పుస్తకం వెనుక ఒక ఉపాధ్యాయుడి జీతం బకాయో, ఒక గుమాస్తా భవిష్యనిధి అప్పో, ఇంట్లోవాళ్ల వంటి మీది బంగారమో ఉంటుంది.

అచ్చయ్యాక ఆ ప్రతులు ఏమవుతాయి? కొన్ని ఆవిష్కరణ సభలో పంచబడతాయి. కొన్ని పత్రికలకు రెండేసి చొప్పున వెళతాయి. వాటిలో చాలా వాటికి "స్వీకారం" శీర్షిక కింద పేరు, పేజీలు, వెల తప్ప మరో మాట దక్కదు. కొన్ని అవార్డు కమిటీలకు నాలుగేసి చొప్పున వెళతాయి. కొన్ని పుస్తకాల షాపుకు చేరి, కమీషన్ పోను రావలసిన పైకం కోసం రచయితను ఏళ్ల తరబడి తిప్పుకుంటాయి. మిగిలినవి అటక ఎక్కుతాయి. ఈ ప్రయాణం మొత్తంలో పుస్తకాన్ని చదివి, చదివిన తర్వాత తనకేమనిపించిందో నాలుగు వాక్యాల్లో రాసి బయట పెట్టిన పాఠకుడు ఎక్కడున్నాడు? ఈ ప్రశ్న వేసుకోకుండా "తెలుగులో పాఠకులు లేరు" అని వాపోవడం మనకు అలవాటైపోయింది.

ఈ మధ్య కొందరు మిత్రులు ఒక పరిష్కారం సూచిస్తున్నారు. సొంతంగా పుస్తకం వేసుకున్న రచయితకు పాఠకులు చేయగల గొప్ప సాయం సమీక్ష రాయడమేననీ, కనుక అందరూ విరివిగా సమీక్షలు రాసి ప్రోత్సహించాలనీ వారి వాదం. ఉద్దేశం మంచిదే. కాని "సాయం", "ప్రోత్సాహం" అన్న మాటల్లోనే చిక్కు ఉంది. పాఠకుడి సమీక్ష రచయితకు చేసే సాయమా, తోటి పాఠకుడికి ఇచ్చే సాక్ష్యమా? ఈ రెండింటికీ తేడా తేల్చుకోకపోతే మనం పెంచేది పాఠకులను కాదు, పొగడ్తలను.

1

పుస్తకం ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నదాన్ని బట్టి దాని గురించి మాట్లాడే తీరు కూడా మారుతూ వచ్చింది. రాజు భరించిన రోజుల్లో కావ్యానికి సమీక్షకుడు రాజే. ఆయన మెప్పే విలువ, ఆయనకు ఇచ్చిన అంకితమే చెల్లింపు. అచ్చుయంత్రం వచ్చాక కూడా ఆ పద్ధతి వెంటనే పోలేదు. సంఘంలోని కుళ్లును నిలువునా ఎండగట్టిన "కన్యాశుల్కం" సైతం 1897లో విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితంగానే వెలువడింది.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి కొత్త దారి తొక్కింది. ఒక్క ప్రభువు స్థానంలో అనేకమంది చందాదారులను నిలిపింది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పరచుకున్నారు. వేటపాలెం వంటి ఊళ్లలో నిలబడ్డ గ్రంథాలయాలు పుస్తకానికి కొనుగోలుదారును మాత్రమే కాక, చదివి చర్చించే గుంపును కూడా సమకూర్చాయి. 1953లో మొదలైన విశాలాంధ్ర ప్రచురణాలయం వంటివి ఈ పునాది మీదనే పుస్తకాన్ని పల్లెల దాకా మోసుకుపోగలిగాయి.

ఈనాడు రాజు లేడు, చందాదారుడూ పలచబడ్డాడు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం గాని, ఆ డబ్బుతో మన ఊరి గ్రంథాలయానికి ఏ కొత్త పుస్తకం వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. ప్రచురణ సంస్థ చేతిలోకి తీసుకునేది అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉన్న పుస్తకాన్ని. కొత్తవాడి కవితకు, మారుమూల యాసలో రాసిన కథకు ఆ నమ్మకం ఎవరిస్తారు? అందువల్ల ఖర్చు తిరిగి తిరిగి రచయిత నెత్తి మీదికే వచ్చింది. తమ ఇంట్లో మొదటిసారి అక్షరం పట్టినవాళ్లు, పెద్ద పత్రికల గడప తెలియనివాళ్లు రాసిన పుస్తకాలు మనకు చేరుతున్నది ఎక్కువగా ఈ దారినే. కాబట్టి సొంత ఖర్చుల పుస్తకాన్ని "ఎవరూ వేయకపోతే వేసుకున్నాడు" అని చిన్నచూపు చూడటం తప్పు. వేసుకున్నాడు గనుక గొప్పదనడం కూడా అంతే తప్పు. ఎవరి డబ్బుతో అచ్చయిందన్నది పుస్తకం ఆర్థిక స్థితిని చెబుతుంది. దాని విలువను చెప్పదు.

2

తన పుస్తకం గురించి ఎవరూ మాట్లాడకపోతే రచయిత ఏం చేస్తాడు? సాహిత్య చరిత్రలో దీనికి ఒక ప్రసిద్ధమైన జవాబు ఉంది. 1855లో బ్రూక్లిన్‌లో వాల్ట్ విట్మన్ "లీవ్స్ ఆఫ్ గ్రాస్" తొలి కూర్పును సొంత డబ్బుతో వేసుకున్నాడు. పన్నెండు కవితలు, సుమారు 800 ప్రతులు. అక్షరాలు కూర్చే పనిలో కూడా కొంత ఆయన చేయి ఉంది. తర్వాత తన పుస్తకం మీద తానే మూడు సమీక్షలు రాసి, పేరు లేకుండా పత్రికల్లో వేయించుకున్నాడు. ప్రజాస్వామ్య కవిగా మనవాళ్లు ఎంతగానో ప్రేమించిన కవి చేసిన పని ఇది.

అయితే ఆ పుస్తకానికి దారి చూపింది ఆ మూడు సమీక్షలు కావు. ప్రతి అందుకున్న ఎమర్సన్, తనకు ముఖపరిచయం లేని ఆ కవికి, ఎవరూ అడగకుండానే ఒక ఉత్తరం రాశాడు. చదివిన మనిషి చదివినందుకు రాసిన ఉత్తరం అది. విట్మన్ దాన్ని అనుమతి అడగకుండానే పత్రికకు ఇచ్చాడు. 1856 నాటి రెండో కూర్పు వీపు మీద అందులోని వాక్యం ఒకటి బంగారు అక్షరాలతో అచ్చొత్తించాడు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. కవి తన గురించి తాను రాసుకున్న మూడు సమీక్షలకన్నా పాఠకుడు రాసిన ఒక్క ఉత్తరం బరువైనది. ఆ బరువు కూడా ప్రకటన పలకగా మారినప్పుడు కొంత తగ్గింది. ఎమర్సన్ మాట నిజం; పుస్తకం వీపు మీద అది ముద్రగా మారింది.

మన దగ్గర ఈ జబ్బు మరో రూపంలో ఉంది. పుస్తకం మొదలవకముందే ముందుమాట, ఆప్తవాక్యం, అభినందన, ఆశీస్సు అంటూ నాలుగైదు యోగ్యతాపత్రాలు జతపరుస్తారు. వీటిని రాసేవారు చాలాసార్లు పుస్తకంలోని రెండు శీర్షికలు, మూడు పంక్తులు ఉదహరించి, "ఈ కవి నుంచి మరిన్ని సంపుటాలు ఆశించవచ్చు" అని ముగిస్తారు. ఆ మాటలు పీకి మరో పుస్తకానికి అతికిస్తే ఎవరూ పట్టుకోలేరు. ఆ పరీక్షకు నిలవని ముందుమాట ముందుమాట కాదు. "మహాప్రస్థానం"కు చలం రాసినదాన్ని చూడండి. పేరే "యోగ్యతాపత్రం" అని పెట్టి ఆ ఆచారాన్నే వెక్కిరించాడు. 1940లో రాసిన ఆ మాటలు 1950లో గాని పుస్తకంతో పాటు అచ్చుకాలేదు. పదేళ్లు ఆగినా చల్లారని పాఠకుడి స్పందన అది. మరో కవికి అది అతకదు. అతకకపోవడమే దాని యోగ్యత.

ఇక పరస్పర డబ్బా సంగతి అందరికీ తెలిసినదే. నీ సంపుటి మీద నేను రాస్తాను, నా సంపుటి మీద నువ్వు రాయి. నీ సభకు నేనొస్తాను, నా సభకు నువ్వు రా. ఇందులో ఎవరూ డబ్బు తీసుకోరు గనుక ఇది నిజాయితీ అనుకుంటారు. కాని ఇది కూడా మారకమే. ఇక్కడ సరుకు పొగడ్త.

3

పత్రికలో సమీక్ష దొరకని రచయితకు ఇప్పుడు అమెజాన్ వంటి అంగళ్లు దొరికాయి. అక్కడ పుస్తకం పెట్టడానికి ప్రచురణకర్త అక్కర్లేదు, సమీక్ష రాయడానికి సంపాదకుడు అక్కర్లేదు. ఇది నిజమైన మార్పే; దీన్ని కాదనలేం. మండల కేంద్రంలోని పాఠకుడు కూడా తన మాటను దేశమంతా చదివేలా చెప్పగలుగుతున్నాడు. కాని అంగడి అంగడే. అది పాఠకుడి మాటను నక్షత్రాలుగా మార్చి లెక్క కడుతుంది. ఐదు నక్షత్రాలు, మూడు నక్షత్రాలు, ఒక నక్షత్రం. ఎందుకు ఐదు, ఎందుకు ఒకటి అన్న కారణం లెక్కలోకి రాదు. పుస్తకం చిరిగి వచ్చిందని ఒక నక్షత్రం ఇచ్చినవాడూ, కథలో పాత్రచిత్రణ బలహీనంగా ఉందని ఒక నక్షత్రం ఇచ్చినవాడూ అక్కడ సమానమే.

లెక్క ఉన్నచోట దొంగ లెక్కా ఉంటుంది. 2011లో జాన్ లాక్ అనే అమెరికన్ రచయిత కిండిల్‌లో పది లక్షల ప్రతులు అమ్మిన మొదటి స్వీయ ప్రచురణ రచయితగా కీర్తి పొందాడు. ఆయన ఒక వ్యాపారి దగ్గర 300 సమీక్షలు కొన్న సంగతి 2012 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది, ఆయన కాదనలేదు. ఆ వ్యాపారి ధరల పట్టిక కూడా బయటికి వచ్చింది. ఒక సమీక్షకు 99 డాలర్లు, యాభైకి 999 డాలర్లు. టోకు కొంటే చవక! రాసేవాళ్లు ముందుగా పుస్తకాన్ని అంగడిలోనే కొనేటట్టు కూడా ఏర్పాటు జరిగింది. దానివల్ల ఆ సమీక్షల పక్కన "కొన్న పాఠకుడు" అన్న ముద్ర పడింది. కొనడానికీ చదవడానికీ సంబంధం ఉండాలన్న నియమం ఏ అంగడీ పెట్టలేదు గదా.

తర్వాత చట్టాలు, ప్రమాణాలు వచ్చాయి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 పేరుతో వినియోగదారుల సమీక్షలకు ఒక ప్రమాణం ప్రకటించింది. పాటించడం మాత్రం స్వచ్ఛందం. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ సమీక్షలు కొనడం, అమ్మడం నిషేధించే నిబంధన అమల్లోకి వచ్చింది. ఇవి అవసరమే. కాని చట్టం దొంగ సమీక్షను పట్టుకోగలదు; మొహమాటపు సమీక్షను పట్టుకోలేదు. డబ్బు తీసుకుని "అద్భుతం" అన్నవాడు నేరస్థుడు. చదవకుండా స్నేహం కొద్దీ "అద్భుతం" అన్నవాడు సహృదయుడు! పాఠకుడికి జరిగే మోసం రెండింటిలోనూ ఒకటే.

ఇంకొక సంగతి. ఈ అంగడిలో పెద్ద భాషకు, చిన్న భాషకు ఒకే పీట ఉండదు. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. కోట్ల మంది మాట్లాడే తెలుగు ఆ జాబితాలో లేదు. మన రచయిత ఎవరి నక్షత్రాల కోసం ఎదురుచూస్తున్నాడో, ఆ అంగడికి మన భాష లెక్కలోనే లేని రోజు ఒకటి ఉంది. మరోవైపు, యంత్రాలు గుట్టలుగా పుస్తకాలు తయారుచేసే రోజులొచ్చాయి. ఒక్కొక్కరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టరాదని 2023 సెప్టెంబరులో అమెజాన్ పరిమితి విధించవలసి వచ్చింది. రోజుకు మూడు! మనవాడు మూడేళ్లు కూర్చుని రాసిన పుస్తకం ఈ గుట్టలో ఎక్కడుందో చూపించగలిగేది నక్షత్రం కాదు. దాన్ని చదివి, పేరు పెట్టి పిలిచి, ఇది ఫలానా మనుషుల కథ అని చెప్పగల పాఠకుడు ఒక్కడే.

4

"సామాన్య పాఠకుడికి సమీక్ష రాసే అర్హత ఏముంది?" అని కొందరు విజ్ఞులు అడుగుతారు. వస్తువు, శిల్పం, దృక్పథం తెలియనివాడు రాసేది సమీక్ష ఎలా అవుతుందంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టివేయకూడదు. "కథ బాగుంది, కవరుపేజీ బాగుంది, రచయితకు అభినందనలు" అన్నది సమీక్ష కాదు. కాని దానికి కారణం రాసినవాడు సామాన్యుడు కావడం కాదు. అతడు తనకు తెలిసింది పక్కన పెట్టి, సమీక్ష ఇలా ఉంటుందని తాను విన్న భాషను అరువు తెచ్చుకోవడం.

మగ్గం మీద ఒక కథ వచ్చిందనుకుందాం. అందులో నేతగాడు పడుగుకూ పేకకూ తేడా తెలియనట్టు మాట్లాడితే, పట్నంలోని విమర్శకుడు ఆ కథలోని "ప్రతీకాత్మకత"ను మెచ్చుకుంటూ దాటిపోవచ్చు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న పాఠకుడు దాటిపోలేడు. నాడె ఎటు పోతుందో, కండె ఎవరు చుడతారో, ఆ చుట్టినందుకు ఇంట్లో ఆడమనిషికి విడిగా కూలి ఉండదన్న సంగతి కథలో వచ్చిందో లేదో అతడు చెప్పగలడు. అది శిల్ప విమర్శ కాదా? పాత్ర తన పనికి తగ్గట్టు మాట్లాడుతున్నదా అన్నదానికంటే పెద్ద శిల్ప ప్రశ్న ఏముంది? ఆశా కార్యకర్త చదవగలిగిన ఆసుపత్రి కథను ఆచార్యుడు చదవలేడు. ఆచార్యుడు చూడగలిగిన నిర్మాణ లోపాన్ని ఆమె చూడకపోవచ్చు. ఇద్దరూ రాయాలి. ఇప్పటిదాకా రాసింది ఒక్కరే.

1965లో హైదరాబాదులో దిగంబర కవులు తమ తొలి సంపుటాన్ని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వేదిక ఎవరిదన్న ప్రశ్నను ఆ చర్య గట్టిగా వేసింది. ఆవిష్కర్త ఎవరో మన సాహిత్య చరిత్రలు తప్పకుండా చెబుతాయి. ఆ కవితలు ఆయనకు ఎలా తోచాయన్న ప్రశ్నను మాత్రం మనం చర్చకు పెట్టలేదు. శ్రమజీవిని ఆవిష్కర్తగా అంగీకరించినంత సులభంగా విమర్శకుడిగా అంగీకరించలేకపోయాం. ఈ లోటు ఆ కవులది మాత్రమే కాదు, మన అందరిదీ.

రెండో అభ్యంతరం దీనికి వ్యతిరేక దిశ నుంచి వస్తుంది. "పాపం, అప్పు చేసి పుస్తకం వేసుకున్నాడు. లోపాలు చెప్పి గుండె పగలగొట్టాలా?" అంటారు. ఇది దయలా కనిపిస్తుంది. దీని ఫలితం చూడండి. అబద్ధపు పొగడ్త చదివి నూరు రూపాయలు పెట్టి పుస్తకం కొన్న పాఠకుడు నిరాశపడితే, అతడు ఆ రచయితను ఒక్కడినే వదలడు. తర్వాత వచ్చే పదిమంది కొత్త రచయితల పుస్తకాలనూ వదులుతాడు. రచయిత సంగతీ అంతే. మొదటి పుస్తకంలోని లోపమే రెండో పుస్తకంలోనూ కనిపిస్తుంది, మరో అప్పుతో సహా. రచయిత అప్పు మీద నిజంగా జాలి ఉంటే ఆ రెండో అప్పు కాకముందే నిజం చెప్పాలి.

అయితే నిజం చెప్పడమంటే చీల్చి చెండాడటం కాదు. కడప నుంచి 1968లో "సంవేదన" నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి విమర్శలో కాఠిన్యానికి పేరుపడ్డాడు. ఆయన్ను అనుకరించబోయిన కొందరు ఆ కాఠిన్యాన్ని తీసుకుని, దాని వెనుక ఉన్న శ్రద్ధను వదిలేశారు. ఒక పుస్తకాన్ని కఠినంగా విమర్శించే హక్కు దాన్ని రెండుసార్లు చదివినవాడికి వస్తుంది. మొదటి పుస్తకం వేసుకున్న పల్లెటూరి కవి మీద చూపించే పదును పేరుమోసిన కవి మీద చూపించనివాడు విమర్శకుడు కాడు. బలం చూసి కొట్టేవాడు.

5

మరి పాఠకుడు ఏం రాయాలి? ఇందుకు శాస్త్రమేమీ అక్కర్లేదు. ఈ పుస్తకం ఎవరి గురించి, ఏ ఊరి గురించి, ఏ కాలం గురించి? ఇందులో ఇంతకుముందు నాకు తెలియనిది ఏముంది? ఏ పేజీ దగ్గర ఆగాను, ఎందుకు ఆగాను? ఎక్కడ రచయితను నమ్మలేకపోయాను? ఇది ఎవరు చదివితే బాగుంటుంది? రచయిత నాకు బంధువో, స్నేహితుడో, సహోద్యోగో అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. పుస్తకం ఉచితంగా వచ్చిందైతే ఆ మాటా చెప్పాలి. వెల ఎంతో, ఎక్కడ దొరుకుతుందో చివర రాయాలి. ఇన్ని రాసినా ఒక పేజీ దాటదు. ఆ పేజీని మరో పుస్తకానికి అతికించి చూడాలి. అతికితే చించేసి మళ్లీ రాయాలి.

ఇది ఒక్కొక్క పాఠకుడి సత్సంకల్పానికి వదిలేసే పని కూడా కాదు. సంఘాలు పూనుకోవాలి. ప్రతి శాఖ నెలకు సొంత ఖర్చుల పుస్తకం ఒకటి ఎంచుకుని, ఐదు ప్రతులు వెల ఇచ్చి కొని, ఐదుగురి చేత చదివించి, వారి మాటలను రచయిత సమక్షంలో వినిపించాలి. ఆ ఐదుగురిలో రచయితలు కానివారు కనీసం ముగ్గురుండాలి. ఆవిష్కరణ సభలు తగ్గినా నష్టం లేదు. పుస్తకం వచ్చిన ఆరు నెలలకు జరిగే పఠన సభలు పెరగాలి. పత్రికలు "స్వీకారం" శీర్షికలో సగం జాగా పాఠకుల ఒక పేజీ సమీక్షలకు ఇవ్వాలి. ఊరి గ్రంథాలయానికి పుస్తకం కొనమని పాఠకుడే అర్జీ పెట్టాలి. పన్ను కట్టేది అతడే గనుక. ఆ తర్వాత అదే సమీక్షను అంగడిలోనూ పెట్టవచ్చు, అభ్యంతరం లేదు. అంగడి మన మాటను మోయాలి తప్ప, మన మాట అంగడి కొలతకు కుదించుకుపోకూడదు.

రచయితలకు కూడా ఒక మాట. సమీక్ష అడగండి, పొగడ్త అడగకండి. ప్రతి ఇచ్చిన చేత్తోనే "బాగుందని ఒక మాట రాయండి" అని అడిగే రచయిత, తన పాఠకుడి నోరు తానే కట్టేస్తున్నాడు. లోపం చెప్పిన పాఠకుడిని శత్రువుగా లెక్కకట్టేవాడికి మిగిలేది పరస్పర డబ్బా బృందమే. డబ్బు పెట్టి పుస్తకం అచ్చు వేసుకోవచ్చు. డబ్బు పెట్టి సమీక్ష కూడా కొనుక్కోవచ్చని జాన్ లాక్ ఉదంతం చూపింది. కొనలేనిది ఒక్కటే: తన పనిపాటల మధ్య రెండు రాత్రులు మేల్కొని చదివి, చదివినందుకు బాధ్యత వహించి ఒక పేజీ రాసే మనిషి. సొంత ఖర్చుల పుస్తకానికి ఈనాడు కొరవడింది ఆ మనిషి. అతడు మన సంఘాల్లో, మన బడుల్లో, మన మగ్గాల దగ్గర ఉన్నాడు. అతడి చేతికి పుస్తకం ఇస్తున్నాం. ఇక కాగితం కూడా ఇవ్వాలి.